తననే శంకించుకొన్న మనిషి: ఆంగ్ల నవల పుట్టుకపై ఓరుగల్లు సీమ నుంచి ఒక పరిశీలన

ఆంగ్ల నవల ఎప్పుడు పుట్టిందన్న ప్రశ్నకు సాహిత్య చరిత్రకారులు 18వ శతాబ్ది తొలి సగంలోని ముప్పై ఏళ్లను చూపిస్తారు. డేనియల్ డీఫో ‘రాబిన్సన్ క్రూసో’ 1719లోనూ, శామ్యూల్ రిచర్డ్‌సన్ ‘పామెలా’ 1740లోనూ, హెన్రీ ఫీల్డింగ్ ‘టామ్ జోన్స్’ 1749లోనూ వెలువడ్డాయి గనుక, అంతకుముందే ఆఫ్రా బెన్ వంటి రచయిత్రులు వచనంలో కథలు రాసి ఉన్నా, ఈ ప్రక్రియకు ఒక నిలకడైన రూపం వచ్చింది ఆ మూడు దశాబ్దాలలోనేనన్న మాట తప్పు కాదు. ఎందుకు పుట్టిందన్న ప్రశ్న మాత్రం అంత సులువుగా తెగదు. ఇయాన్ వాట్ 1957లో ప్రచురించిన ‘ది రైజ్ ఆఫ్ ది నావెల్’ దీనికి చెప్పిన సమాధానాన్ని తరవాతి పండితులు ఎన్ని విధాల సవరించినా, చర్చ నేటికీ అక్కడి నుంచే మొదలవుతుంది. రాజూ పురాణపురుషుడూ కాని మామూలు మనిషి జీవితం గంభీరమైన రచనకు వస్తువు కాగలదన్న నమ్మకం, ఆ మనిషి నడిచే వీధినీ కొనే సరుకునూ గడిపే వేళనూ ఉన్నవి ఉన్నట్టు చెప్పాలన్న పట్టుదల, తన అంతరంగాన్ని తానే విచారించుకొనే అలవాటు ఒకచోట కలిసినప్పుడు నవల వచ్చిందని ఆ సమాధానాన్ని క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ఈ మూడింటిలో మూడోదానికి మూలం మతంలో ఉందని వాట్ కూడా గుర్తించాడు. అయితే వర్తక వర్గం ఎదుగుదల, అచ్చుయంత్రం, చదువరుల సంఖ్య వంటి కారణాల నడుమ దానికి దక్కవలసినంత చోటు దక్కలేదు. మొదటి రెండూ ఉండి మూడోది లేని సాహిత్యం ఎక్కడైనా దొరికితే ఆ మూడోదాని బలమెంతో తేల్చి చూడవచ్చు. కాకతీయుల రాజధాని ఓరుగల్లు చుట్టుపక్కల పుట్టిన, లేదా ఆ నగరాన్నే వస్తువుగా చేసుకొన్న తెలుగు సాహిత్యం సరిగ్గా అలాంటిదే.

ముందుగా మామూలు మనిషి సంగతి. నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తితో పేరు ముడిపడిన పాల్కురికి సోమనాథుడు 13వ శతాబ్దిలో ‘బసవపురాణం’ రాశాడు. సంస్కృత వృత్తాలను కాదని, రెండేసి పాదాలుగా సాగుతూ నలుగురూ కలిసి పాడుకోవడానికి వీలైన ద్విపదను ఎన్నుకోవడంలోనే ఆ గ్రంథం ఎవరి కోసమో తెలుస్తుంది. పేరుకు అది కల్యాణంలో వీరశైవాన్ని నిలబెట్టిన బసవేశ్వరుడి చరిత్రే అయినా, అందులో ఎక్కువ భాగాన్ని ఆక్రమించింది భక్తుల కథలు. బట్టలుతికే మడివాలు మాచయ్య, వేటాడి బతికే కన్నప్ప, లోకమంటే ఏమిటో తెలియని ముగ్ధ సంగయ్య ఆ కథల నాయకులు. గొడగూచి అనే పసిపిల్ల కథ వీటిలో ప్రత్యేకం. ఊరికి వెళుతూ తండ్రి ఆ పిల్లకు రోజూ శివుడికి పాలు ఇచ్చి రమ్మని చెబుతాడు. నైవేద్యమంటే చూపించి వెనక్కు తెచ్చుకొనేదని పెద్దలకు తెలుసు గానీ పిల్లకు తెలియదు. పాలు ఇచ్చాక దేవుడు తాగాలి కదా అని ఆమె ఎదురుచూస్తుంది, బతిమాలుతుంది, తాగకపోతే ఇంట్లో తనను కొడతారని ఏడుస్తుంది, చివరికి ప్రాణం తీసుకోబోతుంది. అప్పుడు శివుడు వచ్చి తాగుతాడు. బెజ్జ మహాదేవి కథ ఇంకా సున్నితమైనది. శివుడికి తల్లి లేదు గనుకనే విషం తాగాడనీ, తల్లి ఉండి ఉంటే వల్లకాటిలో తిరగనిచ్చేదా అనీ జాలిపడిన ఆ స్త్రీ తానే అతనికి తల్లి అయి, లింగాన్ని పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకొని నూనె రాసి నలుగుపెట్టి స్నానం చేయిస్తుంది. బిడ్డకు నలుగుపెట్టే తల్లి చేతుల కదలికను ఇంత దగ్గరగా చూసి కావ్యంలోకి తెచ్చిన కవి అంతకుముందు తెలుగులో లేడు. ఒక చాకలి జీవితాన్నీ ఒక పసిపిల్ల ఏడుపునూ పురాణమన్న పేరుకు తగినవిగా భావించడానికి ఆంగ్ల సాహిత్యం ఇంకా చాలా కాలం ఆగవలసి వచ్చింది.

ఇక వీధి సంగతి. వినుకొండ వల్లభరాయుడి పేర ప్రసిద్ధమైన ‘క్రీడాభిరామం’లో మంచనశర్మ అనే బ్రాహ్మణుడు, టిట్టిభసెట్టి అనే వైశ్యుడు ఓరుగల్లు నగరంలో ఒక రోజంతా తిరుగుతారు. వీధులు, గుడులు, కోడిపందెం, పొట్టేళ్ల పోరు, పల్నాటి వీరుల కథను పాడి వినిపించే స్త్రీ, రూక ఇస్తే కడుపునిండా భోజనం పెట్టే పూటకూళ్ల ఇల్లు వరుసగా వాళ్ల కళ్ల ముందుకు వస్తాయి. భోజనం ధరతో సహా ఊరి దినచర్యను చెప్పిన ఈ రచనలో పొద్దు కూడా గుర్తుపట్టేలా కదులుతుంది. ఉదయానికీ రాత్రికీ నడుమ కథ సాగుతున్నదన్న స్పృహ చదువరికి ఎక్కడా తప్పదు. దీన్ని వీథి అనే రూపకభేదమని చెప్పుకొన్నారు. నవలలో నగరం కనబడే తీరుతో దీన్ని పోల్చి చూస్తే, డీఫో రచనల్లోని లండన్ వీధుల కంటే ‘క్రీడాభిరామం’లోని ఓరుగల్లు వీధులు ఏ మాత్రం మసకగా లేవు.

మామూలు మనిషీ ఉన్నాడు, ఉన్నది ఉన్నట్టు కనిపించే వీధీ ఉంది. అయినా బసవపురాణం నుంచి గానీ క్రీడాభిరామం నుంచి గానీ నవల పుట్టలేదు, పుట్టడానికి ప్రయత్నించిన జాడ కూడా లేదు. కారణాన్ని అచ్చుయంత్రం లేకపోవడంలోనో వర్తకులు తక్కువగా ఉండటంలోనో వెతికితే సగమే దొరుకుతుంది. మిగతా సగం మనిషి తన మోక్షం గురించి ఏమనుకొన్నాడు అన్న దగ్గర ఉంది. అందుకు ఇంగ్లండులోని ప్యూరిటన్ల నమ్మకాన్ని కొంత వివరంగా చూడాలి.

ప్యూరిటన్లు అంటే ఇంగ్లండు క్రైస్తవ సంఘాన్ని ఆడంబరాల నుంచి శుద్ధి చేయాలని 16, 17 శతాబ్దాలలో పట్టుబట్టిన ప్రొటెస్టంట్లు. జెనీవా నగరంలో బోధించిన జాన్ కాల్విన్ సిద్ధాంతం వీరికి ఆధారం. ఆ సిద్ధాంతం ప్రకారం రక్షణ, అంటే పాపం నుంచి విముక్తి, మనిషి చేసే మంచిపనులకు దొరికే కూలి కాదు. లోకం పుట్టక ముందే దేవుడు కొందరిని తనవారుగా ఏర్పరచుకొన్నాడు, ఆ నిర్ణయం మారదు, దాన్ని పొందిన వారెవరో పైకి తెలియదు. మూడో మాటలోనే అసలు బరువంతా ఉంది. దేవుడు ఉన్నాడన్న విషయంలో ప్యూరిటన్‌కు సందేహం లేదు, దేవుడి న్యాయంలో సందేహం లేదు. తాను ఆ కొందరిలో ఒకడా కాదా అన్నదే సందేహం. పాపాన్ని చెవిన వేసుకొని క్షమాపణ పలికే పురోహితుణ్ణి ఆ మతం తీసివేసింది గనుక ధైర్యం చెప్పే గొంతు కూడా బయట లేదు. మిగిలిన దారి ఒక్కటే: తన రోజువారీ బతుకులో, తనకు వచ్చే ఆలోచనల్లో, తన ప్రార్థనలో కలిగిన తడిలోనూ పొడిలోనూ కృప తాలూకు గుర్తులు ఉన్నాయేమోనని తానే వెతుక్కోవడం. 17వ శతాబ్ది ఇంగ్లండులో భక్తులు రాసుకొన్న దినచర్య పుస్తకాలకు, ఆధ్యాత్మిక ఆత్మకథలకు మూలం ఇదే. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ 1904, 1905లలో రాసిన ప్రసిద్ధ వ్యాసాలలో ఈ సిద్ధాంతం మనిషిని లోలోపల ఎంత ఒంటరిని చేసిందో చూపి, దాని ఫలితాన్ని వ్యాపార వ్యవహారాల్లో వెతికాడు. కథల్లో వెతికితే ఫలితం ఇంకా తేటగా కనిపిస్తుంది.

ఈ ఒంటరితనం ఎలాంటిదో జాన్ బన్యన్ పుస్తకంలో చూడవచ్చు. బెడ్‌ఫర్డ్ దగ్గరి ఎల్‌స్టో గ్రామంలో 1628లో పుట్టిన ఈయన తండ్రిలాగే పాత్రలకు మాట్లు వేసే వృత్తి చేశాడు. అనుమతి లేకుండా మతబోధ చేసినందుకు 1660 నుంచి పన్నెండేళ్లు చెరసాలలో గడిపాడు. ‘యాత్రికుని ప్రయాణము’గా తెలుగువారికి తెలిసిన 1678 నాటి గ్రంథం ఆయనదే గానీ, నవలకు దగ్గరి పూర్వికురాలు అంతకుముందు చెరసాల నుంచే 1666లో వెలువడిన ‘గ్రేస్ అబౌండింగ్ టు ది చీఫ్ ఆఫ్ సిన్నర్స్’ అన్న ఆత్మకథ. యవ్వనంలో బన్యన్‌కు చర్చి గంటలు మోగించడమంటే ఇష్టం. అది వ్యర్థమైన వినోదమన్న అనుమానం కలిగి మానేశాడు, కానీ మోగించే వాళ్లను చూడటానికి వెళ్లడం మానలేకపోయాడు. అలా చూస్తుండగా గంటల్లో ఒకటి తెగి తన మీద పడితేనో అన్న తలపు వచ్చింది. గోపురానికి అడ్డంగా ఉన్న పెద్ద దూలం కిందికి జరిగి నిలబడ్డాడు. గంట తిన్నగా పడకుండా గోడకు తగిలి ఎగిరి తనవైపే వస్తే దూలం ఏం కాపాడుతుందని తోచి వాకిట్లోకి వచ్చాడు. గోపురమే కూలితే? అక్కడా నిలవలేక పారిపోయాడు. ఇక్కడ బయట జరిగింది ఏమీ లేదు. గంట తెగలేదు, గోపురం కూలలేదు. దూలానికీ వాకిలికీ నడుమ నాలుగడుగుల జాగాలో ఒక మనిషి భయం మెట్టు మెట్టుగా పెరిగిన వైనమే కథ. అద్భుతాలు లేకుండా, శాపాలూ వరాలూ లేకుండా, ఒక ఆలోచన తరవాత మరొక ఆలోచన రావడమే సంఘటన కాగలదన్న సంగతి ఇంగ్లీషు వచనానికి ఇలాంటి చోట్లే తెలిసింది.

డీఫో ఈ సంప్రదాయంలోనే పెరిగాడు. రాజ్యం గుర్తించిన చర్చిలో చేరని ప్రొటెస్టంట్ల కుటుంబంలో పుట్టి, అలాంటి వారి కోసమే చార్లెస్ మోర్టన్ నడిపిన విద్యాలయంలో చదివి, బోధకుడు కావలసినవాడు వ్యాపారంలోకీ పత్రికా రచనలోకీ వెళ్లి, అరవయ్యో పడికి చేరువలో ‘రాబిన్సన్ క్రూసో’ రాశాడు. సాహస గాథగా పిల్లలకు చెప్పే ఆ పుస్తకాన్ని మొత్తంగా చదివితే, నిర్జన ద్వీపంలో ఒక మనిషి తన జీవితంలో దేవుడి చేతిని వెతికే ప్రయత్నమే ఎక్కువ పుటలను ఆక్రమించిందని తెలుస్తుంది. క్రూసో కాగితం మీద గీత గీసి తనకు జరిగిన కీడునూ మేలునూ ఎదురెదురుగా జమాఖర్చుల పద్ధతిలో రాసుకొంటాడు. సిరా ఉన్నంత కాలం దినచర్య రాస్తాడు. ఈ అన్వేషణకు పరాకాష్ఠ అయిన ఘట్టం చూడటానికి చాలా చిన్నది. ఒకనాడు తన గుహ దగ్గర బండ నీడన పచ్చని మొలకలు కనిపిస్తాయి, కొద్ది రోజుల్లో పది పన్నెండు బార్లీ కంకులు వేస్తాయి. విత్తనం వేయని చోట, ఇంగ్లండు పంట మొలవని వాతావరణంలో తన కోసమే దేవుడు అద్భుతం చేశాడని క్రూసో కళ్లనీళ్లు పెట్టుకొంటాడు. తరవాత గుర్తొస్తుంది: ఎలుకలు తినగా మిగిలిన కోళ్ల దాణా సంచిలోని పొట్టును వానలకు ముందు తానే అక్కడ దులిపాడు. గుర్తురాగానే ఆశ్చర్యం చప్పబడుతుంది, భక్తి కూడా దానితోపాటే తగ్గుతుంది. తగ్గిందని అతడే ఒప్పుకొంటాడు. ఆపైన మరొక ఆలోచన: ఎలుకలు అన్నీ తినగా ఆ పది గింజలు పాడుకాకుండా మిగలడం, ఎండకు మాడిపోయే చోట కాక సరిగ్గా నీడ ఉన్న చోట పడటం ఎవరి ఏర్పాటు?

తత్త్వశాస్త్రంలో దీన్ని కారణవాదానికీ దైవసంకల్పానికీ నడుమ పేచీ అంటారు. ఒక సంఘటనకు లౌకిక కారణం దొరికిందంటే దేవుడి ప్రమేయం తొలగిపోయినట్టా, లేక కారణాల గొలుసే దేవుడి పనిముట్టా అన్నది ఆ పేచీ. ఆ కాలపు వేదాంతులు దీనిపై పెద్ద పెద్ద గ్రంథాలు రాశారు. డీఫో చేసినదల్లా దాన్ని ఒక మనిషికి, ఒక పూటకు, ఒక దాణా సంచికి కట్టివేయడం. ఏది సరైన సమాధానమో పుస్తకం ఖాయంగా చెప్పదు. క్రూసో రెండు విధాలుగానూ అనుకొంటాడు, అతని భక్తి పెరుగుతూ తరుగుతూ ఉంటుంది, ఆ పెరుగుదలా తరుగుదలే అతని చరిత్ర. ఆంగ్ల నవల జన్మస్థానం ఏదంటే ఈ పేరాను చూపించడం సమంజసం.

రిచర్డ్‌సన్ దీన్ని ద్వీపం నుంచి ఇంట్లోకి తెచ్చాడు. వృత్తిరీత్యా ముద్రాపకుడైన ఈయన ‘పామెలా’లో పదిహేనేళ్ల పనిపిల్ల తన యజమాని వేధింపులను తల్లిదండ్రులకు ఉత్తరాలుగా రాస్తుంది. జరిగిన గంటకో పూటకో రాసే ఉత్తరం కాబట్టి ముందేమవుతుందో రాసేవారికే తెలియదు. కాగితాలను ఆమె లోపలి దుస్తుల్లో కుట్టి దాచుకొంటుంది, యజమాని వాటిని లాక్కొని చదివి మారతాడు. ఆ మార్పును ఎంతవరకు నమ్మాలన్న వివాదం అప్పుడే మొదలైంది, ఇప్పటికీ తెగలేదు. అంతకన్నా ముఖ్యమైనది పామెలా తన మనసును తాను ఎంతవరకు ఎరుగునన్న ప్రశ్న. తనను ఇంటికి పంపించివేసినప్పుడు, ఇన్నాళ్లూ కోరుకొన్నది అదే అయినా, తనలో కలిగిన బాధను చూసి ఆమే విస్తుపోతుంది. దేవుడి ముందు చేసుకొనే ఆత్మపరిశీలన ఇక్కడ ప్రేమను కనుగొనే సాధనంగా మారింది. పద్ధతి మాత్రం బన్యన్ పద్ధతే.

ఇప్పుడు మళ్లీ ఓరుగల్లు సీమకు వస్తే లోపించినది ఏమిటో స్పష్టపడుతుంది. సోమనాథుడి లోకంలో మనుషులు రెండే రకాలు, భక్తులూ భవులూ. శివదీక్ష పొంది ఇష్టలింగాన్ని ఒంటి మీద ధరించినవాడు భక్తుడు, ధరించనివాడు భవి. ఎవరు శివుడివారో తెలుసుకోవడానికి ఆత్మపరిశీలన అక్కరలేదు, మెడ చూస్తే చాలు. కాల్విన్ గీత కంటికి కనబడనిది, వీరశైవుల గీత కంటికి కనబడేది. ఈ ఒక్క తేడాలోనే రెండు సాహిత్యాల దారులు చీలిపోయాయి. గొడగూచికి శివుడు పాలు తాగుతాడా అన్న సందేహం లేదు, ఎందుకు తాగడంలేదన్న దుఃఖమే ఉంది. బెజ్జ మహాదేవికి తాను శివుడికి తల్లి కాగలనా అన్న శంక కలగదు. నిస్సంశయమైన ఆ పూనికే వారి గొప్పదనం, ఆ కథల అందం కూడా. కానీ సంశయం లేనివారికి రేపటి రోజు నేటికన్నా భిన్నంగా ఉండనక్కరలేదు. భక్తి మొదటి క్షణంలోనే పరిపూర్ణం గనుక కథ దాన్ని పరీక్షిస్తుంది తప్ప పెంచదు. మార్పు లేని మనసుకు పురాణం చాలు, నవలతో పనిలేదు.

దీనికి ఎదురు నిలిచే ఉదాహరణలు లేకపోలేదు. పాలకుర్తికి దగ్గరలోని బమ్మెర గ్రామంతో ముడిపడిన పోతన, గజేంద్రమోక్షంలో మొసలి నోట చిక్కిన ఏనుగు చేత, ఉన్నాడని అందరూ చెప్పే ఆ దేవుడు నిజంగా ఉన్నాడా అని అడిగించాడు. తెలుగు సాహిత్యంలో ఇంతకన్నా ప్రసిద్ధమైన సందేహం లేదు, ఇంతకన్నా నిజాయితీగల సందేహమూ లేదు. కానీ అది దేవుణ్ణి గురించిన సందేహం, తనను గురించినది కాదు. పిలిస్తే అది తీరిపోతుంది, హరి రానే వస్తాడు. అదే భాగవతంలో ఏర్చూరి సింగన పూరించిన షష్ఠ స్కంధంలోని అజామిళుడి కథ దీనికి ఇంకొక పార్శ్వం. జీవితమంతా పాపాలు చేసిన ఆ బ్రాహ్మణుడు చావు వేళ నారాయణ అన్న పేరుగల కొడుకును పిలిచినంత మాత్రాన యమభటుల నుంచి తప్పించుకొంటాడు. క్రూసో ఎంతో శ్రద్ధగా రాసుకొన్న కీడుమేళ్ల పట్టిక ఇక్కడ ఒక్క నామోచ్చారణతో చెల్లిపోతుంది. ధూర్జటి శ్రీకాళహస్తీశ్వర శతకంలో ఆత్మనింద నిండుగా ఉంది నిజమే. అయితే శతకంలో ప్రతి పద్యమూ తనకు తానే ముగుస్తుంది, ఆ వేదనకు నిన్నా నేడూ లేవు. ఇంకా వెనక్కు వెళితే కర్మసిద్ధాంతం ఉంది. ఈ జన్మలోని కష్టానికి కారణం మరచిపోయిన ఏ జన్మలోనో ఉంటే, ఒక్క జన్మ కథలో కారణమూ ఫలితమూ కలిపి చూపడం సాధ్యం కాదు. పుట్టుక నుంచి చావు దాకా ఉన్న మేరలోనే అర్థాన్ని వెతకాలన్న నవల నియమం కర్మ నమ్మేవారికి ఇరుకుగా తోచడం సహజం. ఈ లోకదృష్టి తక్కువదని దీని అర్థం కాదు. మనిషికి ఇంత ధైర్యమిచ్చిన మతం అతన్ని తన నీడతో పోట్లాడుకోనివ్వలేదని మాత్రమే దీని అర్థం.

తెలుగులో నవల వచ్చిన తీరును ఈ వెలుగులో చూస్తే అలవాటైన చరిత్ర కొంత కొత్తగా కనబడుతుంది. నరహరి గోపాలకృష్ణమ చెట్టి ‘శ్రీరంగరాజ చరిత్ర’ 1872లో వెలువడింది. కందుకూరి వీరేశలింగం ‘రాజశేఖర చరిత్రము’ 1878లో వచ్చింది. ఏది మొదటిదన్న వాదం ఇక్కడ అవసరం లేదు. వీరేశలింగం మొదట ఆలివర్ గోల్డ్‌స్మిత్ 1766లో ప్రచురించిన ‘ది వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’ను తెనిగించబోయి, కొంత సాగాక విడిచిపెట్టి, దాని ఛాయలో తన కథను అల్లుకొన్నాడన్నది అవసరం. ఆంగ్ల నవలలో రెండు పాయలు ఉన్నాయి. బన్యన్, డీఫో, రిచర్డ్‌సన్‌లది మనిషి తనను శంకించుకొనే పాయ. ఫీల్డింగ్, గోల్డ్‌స్మిత్‌లది మరొకటి: లోకం పైకి ఎంత చిందరవందరగా ఉన్నా దాని వెనుక దయగల ఏర్పాటు ఉందని నమ్మే పాయ. రిచర్డ్‌సన్‌ను ఎగతాళి చేస్తూ నవలా రంగంలోకి వచ్చిన ఫీల్డింగ్ ‘టామ్ జోన్స్’లో తానే దైవం స్థానంలో కూర్చొని, యాదృచ్ఛికాలన్నీ చివరికి న్యాయంగా ముడిపడేలా కథను నడిపాడు. గోల్డ్‌స్మిత్ పురోహితుడు ఆస్తి పోగొట్టుకొని, ఇల్లు కాలి, చెరసాల పాలైనా అతని విశ్వాసం చెదరదు. మారువేషంలో తిరుగుతున్న ప్రభువు బయటపడి అందరి చిక్కులూ విప్పుతాడు. వీరేశలింగం చేతికి అందింది ఈ రెండో పాయ. ధవళేశ్వరం రాజశేఖరుడు ముఖస్తుతికి లొంగి, బంగారం చేస్తానన్న బైరాగిని నమ్మి సర్వం పోగొట్టుకొని, చివరికి మారువేషంలో ఉన్న పెద్దాపురం ప్రభువు దయవల్ల గట్టెక్కుతాడు.

ఇది తేలికపాటి అనుకరణ అనుకొంటే వీరేశలింగానికి అన్యాయం జరుగుతుంది. రాజశేఖరుడి దరిద్రానికి కారణం పూర్వజన్మ కర్మ కాదు, గ్రహచారం కాదు, ఈ జన్మలోనే అతడు చూపిన అవివేకమని కథ అడుగడుగునా నిరూపిస్తుంది. బ్రహ్మసమాజ భావాలను స్వీకరించి, 1881లో రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించిన సంస్కర్తకు ఈ నిరూపణ ఎంతో అవసరం. కష్టానికి మూలం కర్మలో ఉన్నంత కాలం వితంతువు గోడును మనుషులు తీర్చలేరు. కారణాన్ని గతజన్మల నుంచి ఈ జన్మకు దించడం తెలుగు కథనంలో చిన్న మార్పు కాదు, దాన్ని మతవిప్లవమనే చెప్పాలి. అయితే రాజశేఖరుడు మోసపోతాడు తప్ప తన లోపలికి చూసుకోడు. తప్పు చేశానని తెలుసుకొంటాడు గానీ తప్పు చేసే తానెవరన్న ప్రశ్న అతనికి రాదు. కర్మ పోయిన చోటులోకి సంస్కారం వచ్చింది, సంశయం ఇంకా రాలేదు.

సంశయం రావడానికి ఏకాంతంగా చదువుకొనే చోట్లు కూడా కావాలి. బసవపురాణం నలుగురిలో పాడేది, హరికథ వందమంది మధ్య వినేది. నవల మాత్రం ఒక్కరే మౌనంగా చదువుకొనేది. నిజాం పాలనలో తెలుగు చదువుకు ఆదరణ కరువైన రోజుల్లో, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం ఏర్పడి పుస్తకాన్ని సామాన్యుడి చేతికి అందించిన ఘనతను ఈ దృష్టితో కూడా గుర్తుంచుకోవాలి. చారిత్రక నవలలు అప్పుడు కాకతీయ వైభవాన్ని తిరిగి చెబుతూ విరివిగా వచ్చాయి. వాటిలో రుద్రమదేవికి ధైర్యం ఉంటుంది, అంతర్మథనం తక్కువ.

1940ల్లో త్రిపురనేని గోపీచంద్ ‘అసమర్థుని జీవయాత్ర’తో తెలుగు నవల మొదటిసారి బన్యన్ గంటగోపురం కిందికి వచ్చి నిలబడింది. సీతారామారావుకు జరిగే కష్టాలు పెద్దవి కావు, వాటి గురించి అతడు తనతో తాను జరిపే విచారణే పెద్దది, అదే అతన్ని శ్మశానం దాకా తీసుకెళుతుంది. ఎందుకు అని అడగడం నేర్పిన తండ్రికి ఆ పుస్తకాన్ని అంకితం చేయడం యాదృచ్ఛికం కాదు; నాస్తిక హేతువాది కొడుకుకు నేర్పిన ఆ ప్రశ్న, దేవుడు లేని చోట కూడా ప్యూరిటన్ ప్రశ్న చేసిన పనే చేసింది. ఆ తరవాత 1969లో ‘అంపశయ్య’ వెలువడింది. రచయిత నవీన్ అసలు పేరు దొంగరి మల్లయ్య. స్వగ్రామం వావిలాల, సోమనాథుడి పాలకుర్తి మండలంలోనిదే. రచనాజీవితంలో అధిక భాగం వరంగల్‌లోనే గడిచింది. ఉస్మానియా విశ్వవిద్యాలయ వసతిగృహంలో ఉండే రవి అనే పేద విద్యార్థి జీవితంలోని సుమారు పదహారు గంటలను చైతన్య స్రవంతి పద్ధతిలో, అంటే మనసులో ఆలోచనలు తోచే క్రమంలోనే వాటిని రాసుకొంటూ పోయే పద్ధతిలో, ఈ నవల చెబుతుంది. పేరు భీష్ముడి బాణాల పడకను గుర్తుచేసినా, భీష్ముడు ఆ పడక మీద నుంచి ధర్మాలు బోధించాడు, రవి దగ్గర బోధించడానికి ఏమీ లేదు. డబ్బు, పరీక్ష, కోరిక, ఊళ్లోని తల్లిదండ్రుల ఆశ, తన పట్ల తనకే కలిగే ఏవగింపు ఒకదాన్నొకటి తోసుకొంటూ వస్తుంటాయి.

విమర్శకులు ఈ పద్ధతిని జేమ్స్ జాయిస్, వర్జీనియా వూల్ఫ్‌ల నుంచి వచ్చిన శిల్పంగా లెక్కగడతారు. లెక్క సరైనదే గానీ అక్కడితో ఆగదు. జాయిస్ జెస్యూట్ గురువుల పాఠశాలల్లో చదివినవాడు. 1916లో వచ్చిన ఆయన తొలి నవలలో నరకం గురించిన ప్రసంగాలు విని వణికిపోయి పాపాలు ఒప్పుకోవడానికి పరుగెత్తే బాలుడున్నాడు. కాథలిక్కుల పాపనివేదన, ప్యూరిటన్ల దినచర్య వేర్వేరు శిబిరాలవైనా, మనిషి తన ఆలోచనలను ఒక్కొక్కటిగా పట్టుకొని ఇది ఎక్కడి నుంచి వచ్చిందని అడగడంలో రెండూ ఒకటే. ఆ అడగడమే శిల్పమై వావిలాల యువకుడి దాకా వచ్చింది. రవి తరానికి అది ఎందుకు పనికివచ్చిందంటే, ఆ తరంలో చాలామంది తమ ఇళ్లలో కళాశాల గడప తొక్కిన మొదటివాళ్లు. ఊరు ఇచ్చిన గుర్తింపు వెనుకబడింది, నగరం ఇవ్వవలసిన గుర్తింపు ఇంకా చేతికి రాలేదు. తాను పైకి వచ్చే కొందరిలో ఒకడా, రాలిపోయే అనేకుల్లో ఒకడా అన్నది రవికి తెలియదు. తేల్చి చెప్పే లింగం మెడలో లేదు, అజామిళుణ్ణి కాపాడిన నామం మీద నమ్మకం లేదు. వచ్చిన మార్కుల్లో, స్నేహితుల చూపుల్లో, మనియార్డరు వచ్చిందా లేదా అన్న ఎదురుచూపుల్లో, బన్యన్ కృప కోసం వెతికినంత ఆత్రంగా, అటువంటి విద్యార్థి తన గతి తాలూకు గుర్తులను వెతుక్కొంటాడు.